ఇసుక పొర

తడిమట్టి వాసన.

గొట్టాన్ని నిలువునా చీల్చగానే గది నిండా అదే... ఎన్నో వేల ఏళ్ళు బిగబట్టిన ఊపిరిని ఒక్కసారి వదిలినట్టు.

సరస్సు అడుగు నుంచి తీసిన మట్టి. గొట్టం పొడవునా పొరలు. నలుపు. బూడిదరంగు. మళ్ళీ నలుపు.

ఏ గొట్టం కొయ్యబోయినా ముందు ప్రొఫెసరమ్మ కాసేపు కళ్ళు మూసుకుంటుంది. రంపం పట్టుకున్న శిష్యురాలు ఆగుతుంది. ఆ ప్రయోగశాలకు కుర్రాళ్ళు 'ప్రార్థన మందిరం' అని పేరు పెట్టారు. ఆమెకు తెలుసు. నవ్వి ఊరుకుంటుంది.

"లోపల ఏం అడుగుతారు మేడం?" శిష్యురాలు ఒకసారి అడిగింది. దేవుడి సంగతి పట్టని పిల్ల.

"నాక్కావలసింది కాదు, ఉన్నది చూపించమని."

ఈరోజు దేవుడు చూపించాడు.

సరస్సు ఎండింది, కరువుకి ఒడ్డున ఉన్న ఊరు ఖాళీ అయింది — ఇదీ ఆమె పుస్తకం చెప్పిన మాట. ఆ మాటకే పేరొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ మాటే పాఠం.

అదే నిజమైతే ఆ కాలపు పొరలో, ఇక్కడ, బీటలు వారిన మట్టి ఉండాలి.

ఇసుక ఉంది.

బెత్తెడు మందాన, ముతక ఇసుక. ఇసుకను వరద తెస్తుంది. కరువు తేదు.

"అయ్యో... గొట్టం దించేటప్పుడు నేనే ఏదో చెడగొట్టినట్టున్నాను. పారేసి ఇంకోటి తీద్దామా మేడం? ఎవరికీ చెప్పకండి, పరువు పోతుంది."

పరువు...

ఒక్క మాట చాలు. 'సరే, పారెయ్' అంటే అయిపోతుంది.

పిల్ల నమ్ముతుంది. తప్పు తన నెత్తినేసుకుని మరీ నమ్ముతుంది.

ప్రొఫెసరమ్మ వరండాలోకి నడిచింది. భర్తకు ఫోన్ చేసింది.

"ఏమండీ, నా పుస్తకం తప్పేమో."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. "అచ్చుతప్పా?"

"అసలుకే తప్పు."



"పొద్దున లేస్తే నిజం కావాలి, నిజం కావాలి అని ఆ దేవుడి ప్రాణం తీస్తావు కదే. ఇచ్చాడు. ఇప్పుడు వద్దంటే ఎలా?"

నవ్వొచ్చింది. నవ్వు వెనకే కన్నీళ్ళూ.

ప్రభువా, అడిగింది నేనే... చూపించడానికి నా ఇల్లే కూల్చాలా?

గాలి. ఎక్కడో ఆకుల చప్పుడు.

ఆదివారం చర్చిలో మోకాళ్ళు వంచడం తేలికే. అక్కడ అందరూ వంచుతారు. సోమవారం, ఈ బల్ల ముందు, ఈ మట్టి ముందు వంచాలి...

వెనక్కి వచ్చేసరికి శిష్యురాలు గొట్టాన్ని చెత్తడబ్బా దాకా తీసుకెళ్ళింది.

"ఆగు! పారెయ్యకు."

"మేడం?"

"నువ్వేం చెడగొట్టలేదు తల్లీ. ఇసుక కింద అంచు చూడు. వరద మట్టిని కోసుకుంటూ వచ్చింది. చేతులతో చెడగొడితే ఇంత శుభ్రంగా రాదు. కోసుకుపోయింది నా పుస్తకం."

పిల్ల ముఖం పాలిపోయింది. "మరి... మీరు?"

"నేనా? మళ్ళీ ఒకటో తరగతి. ఇది వ్యాసంగా రాయాలి. పైన నీ పేరు పెట్టు."

"మీ పేరు?"

"తప్పు లెక్క చేసినవాళ్ళు వెనక బెంచీలో కూర్చోవాలి."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు కొంచెం వణికింది.

"కానీ ఒక్క గొట్టంతో తేలదు. అవతలి ఒడ్డున తీసిన గొట్టం కూడా ఉందిగా, అదీ తియ్."

అక్కడ ఇసుక ఉందో, లేదో. ఉంటే ఇంతకాలపు మాట పోతుంది. లేకపోతే... రెండిట్లో ఏది కోరుకుంటోందో ఆమెకే తెలియలేదు. తెలియకపోవడం ఈసారి భయంగా లేదు. తేలిగ్గా ఉంది.

రంపం తిరిగింది. ఆగింది.

సగాలు ఇంకా విడలేదు. సన్నటి చీలికలోంచి, మెల్లగా...

తడి వాసన.