పాయింట్ పట్టిన గుంట

నూకరాజు నీళ్ళ పైపుతో నాలుగో గది దగ్గరికి వచ్చేసరికి మిగతా గదుల్లో కుక్కలన్నీ మొరిగి మొరిగి అలిసిపోయాయి. అవన్నీ సెలవులకు వెళ్ళినవాళ్ళు అప్పజెప్పి పోయిన బొచ్చుకుక్కలు. వాటికి పనీ లేదు, పాటా లేదు. యజమాని తిరిగొచ్చేదాకా తినడం, అరవడం, ఒకదాన్ని చూసి ఒకటి కుళ్ళుకోవడం. నాలుగో గదిలోది మాత్రం అరవదు. గోడ మీద పాకే బల్లిని చూస్తూ, ముందు కాలొకటి ఎత్తి, బొమ్మలా నిలబడి ఉంది.

“ఏటే గుంటా, బల్లిక్కూడా పాయింటేనేటి? ఆ మూలకెళ్ళు, తడిసిపోతావ్.”

అది పదకొండు నెలల పాయింటర్ జాతి వేటకుక్క పిల్ల. తెల్లటి ఒళ్ళు, చెవుల మీద కాఫీ రంగు మచ్చలు, పల్చటి పక్కలు. కాగితాల్లో దాని పేరు లూనా. నూకరాజు వాళ్ళ యాసలో ఆడపిల్ల ఎవరైనా గుంటే కాబట్టి ఇదీ గుంటే అయింది. వాళ్ళ తాత ఎప్పుడో భీమిలి దగ్గర ఓడెక్కి ఈ సింగపూర్‌లో దిగాడు. ఊరు పోయింది, పొలం పోయింది, యాస మాత్రం పోలేదు.

మనిషి పొట్టి. మెడ వెనక ఎండకు కాలిన మడతలు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. పాతికేళ్ళ కిందట ఓ కుక్క తీసుకుపోయింది. వాళ్ళ నాన్న సెలెతార్‌లో తెల్లదొరల వేటకుక్కలు చూసేవాడు. దొరలు వెళ్ళిపోయారు, తుపాకులూ వెళ్ళిపోయాయి. విద్య మాత్రం కొడుకు చేతికొచ్చింది. వేటే లేని దేశంలో వేటకుక్కలకు పాఠాలు చెప్పడమేమిటని ఎవరైనా నవ్వితే నూకరాజు కూడా నవ్వేవాడు. ఆయన దగ్గర నేర్చిన కుక్కలన్నీ విమానమెక్కి ఎక్కడెక్కడికో పోయి వేటాడతాయి. ఆయన మాత్రం ఒక్క వేటా చూసి ఎరగడు. పెళ్ళివంట చేసేవాడికి పెళ్ళి ఎక్కడ కనిపిస్తుంది గనక?

అయినా ఇప్పుడా కుక్కలూ రావడం లేదు. గుంటే ఆఖరిది. ఇకమీదట బొచ్చుకుక్కలు చాలని తవుకే, అంటే ఈ కుక్కల కెనెల్ యజమానురాలు, చెప్పేసింది.

గుంటను కొన్నది మహీధర్. పాయా లేబర్‌లో బ్యాంకు ఆఫీసరు. న్యూజీలాండ్‌కు బదిలీ అయింది. అక్కడ పిట్టల వేట సరదా ఉన్న స్నేహితులున్నారట. భార్య ఉమ ఒకటే మాట అందట: కుక్క వేటకు పనికొస్తే తీసుకురా, లేకపోతే ఊరికే మేపడానికి నా వల్ల కాదు. ఆ పరీక్ష ఇవాళే. పిట్ట వాసన తగలగానే కుక్క ఎక్కడికక్కడ బిగుసుకుని నిలబడాలి, అదే పాయింట్ పట్టడం. మనిషి వెళ్ళి పిట్టను అదిలించినా దూకకూడదు. నిలబడితే ఇవాళే విమానం.

నిలబడకపోతే? “ఇక్కడే ఉండనీలే, రాజూ, కాపలాకి. నువ్వే చూసుకో,” అంది తవుకే.

ఆ మాట విన్న రోజునుంచీ నూకరాజుకు అన్నం సయించడం లేదు. పిల్లాజెల్లా లేని మనిషి. గవర్నమెంటు ఫ్లాట్‌లో ఇంత పెద్ద కుక్కను ఉంచుకోనివ్వరు. ఈ చోటు తప్ప గుంటా తనూ ఒక దగ్గరుండే చోటు ఇంకెక్కడా లేదు. ఒక్క తప్పు చాలు. ఒక్కసారి దూకితే చాలు. అట్లా అనుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది, మళ్ళీ అదే అనుకునేవాడు.

పదింటికి బూన్ లేలోని ఇంటినుంచి భార్య భ్రమరాంబ ఫోన్ చేసింది.

“ఆ కుక్క ఎల్తాదా, ఉంటాదా?”

“సూడాల.”

“ఎల్తే ఎల్లింది. నువ్వు కూడూ మకానూ మానీసి కూకోకు. సేపల పులుసెట్టాను.”

“సర్లేవే.”

పైకి అంతే. ఫోన్ పెట్టేశాక ఆవిడా దేవుడి పటం వైపు చూసే ఉంటుంది. ఏమని మొక్కుకుందో మాత్రం చెప్పలేం.

మహీధర్ చెప్పిన వేళకే వచ్చాడు. చెడ్డవాడేం కాదు. వస్తూ వస్తూ నూకరాజుకు కాఫీ తెచ్చాడు, కుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముద్దు చేశాడు.

“అంకుల్, మన లూనా రెడీయేనా? నాకు రాత్రంతా టెన్షనే. ఉమ ఇంకో మాట వినదు.”

“కుక్క మంచిదే సార్. దాని మూడ్ ఎలాగుందో మరి.”

ఆ ‘మరి’ అంటూ నూకరాజు తాడు వెతికే వంకతో మొహం తిప్పుకున్నాడు. మహీధర్ గమనించలేదు.

షెడ్ల వెనక నడుమెత్తు లాలాంగ్ గడ్డి. అందులో చిన్న బోనులో కౌజు పిట్టను పెట్టి, పైన గడ్డి కప్పి వచ్చాడు నూకరాజు. పొడుగాటి తాడు గుంట మెడకు తగిలించి వదిలాడు. అది గడ్డిని అటూ ఇటూ చీల్చుకుంటూ పోయింది. నాలుగు మలుపులు తిరిగిందో లేదో, ఎవరో పిలిచినట్టు మెడ తిప్పింది. అంతే. తోక కర్రలా లేచింది. కుడికాలు గాల్లోనే ఆగిపోయింది. ముక్కుపుటాలు ఒక్కటే కదులుతున్నాయి.

“అబ్బ!” అన్నాడు మహీధర్ గుసగుసగా. “ఇప్పుడు నేను ముందుకెళ్ళి పిట్టను అదిలించనా?”

“ఎల్లండి సార్. గడ్డి గట్టిగా తొక్కండి. నాను ఎనకుంటాను.”

మహీధర్ గడ్డిలో దిగాడు. అతని వీపు ఇటుంది. తవుకే ఆఫీసు గదిలో ఉంది. చూసేవాళ్ళెవరూ లేరు. నూకరాజు వంగి, కుడి మోకాలు గుంట తొంటికి ఆనించి తోశాడు.

ఈ తోపు కుక్కకు కొత్త కాదు. పిల్లకుక్కను నిలబడమని చెప్పి వెనకనుంచి పిట్ట వైపు మెల్లగా తోస్తే, అది పంతానికి వెనక్కి ఆనుకుంటుంది. తోసినకొద్దీ బిగుస్తుంది. ఎనిమిది నెలలు పొద్దున్నే అదే పాఠం. కానీ ఇవాళ తోసింది పాఠం చెప్పే తోపు కాదు. దాన్ని కాళ్ళ మీదనుంచి పడగొట్టే తోపు.

“పోవే,” అన్నాడు గొంతులోనే. “పోవే గుంటా, దూకీ.”

జన్మలో ఏ కుక్కతోనూ ఆ మాట అనలేదు.

గుంట ముందుకు జారబోయి నిలదొక్కుకుంది. వెనక కాళ్ళు రెండూ మట్టిలో దిగేసి, ఒంటి బరువంతా తెచ్చి నూకరాజు మోకాలి మీద వేసింది. ఆయన ఇంకా గట్టిగా తోశాడు. అది ఇంకా గట్టిగా ఆనుకుంది. దాని ఒంటి వణుకు మోకాలి చిప్పకు తెలుస్తోంది. మహీధర్ బోను పక్కన కాలు తాటించాడు, చేతులు చరిచాడు. పిట్ట బోనులో టపటప కొట్టుకుంది. గుంట కదలలేదు. ఇవాళ పాఠం కాస్త కష్టంగా ఉందనుకుని ఉంటుంది, పాపం. పంతులు తోస్తున్నాడు కాబట్టి నిలబడాలి, దానికి తెలిసింది అదొక్కటే.

నూకరాజు మోకాలు తీసేశాడు. సిగ్గుతో మొహం వేడెక్కింది. దానితోపాటే, పాపిష్టి గుండె, గర్వంతో పొంగింది. నాలుగు తరాల కుక్కల్ని చూశాడుగాని ఇంత గట్టిది తన చేతిలో ఎప్పుడూ తయారు కాలేదు.

మహీధర్ గడ్డిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

“అంకుల్! చూశారా? ఒక్క ఇంచీ కదల్లేదు!”

“ఆఁ సార్. కదల్లేదు.”

“అంతా మీ చలవే.”

నూకరాజు కిందికి వంగాడు. గుంటను మెడనుంచి తోకదాకా ఒక్కసారి నిమిరి, రెండు చేతులా ఎత్తి పిట్టకు దూరంగా దించాడు. చేయవలసిన పని ఇంకా ఒకటి ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

“సార్, ఇటు రండి. మీ మోకాలు ఇక్కడ ఆనించండి. అక్కడికెల్లాక అప్పుడప్పుడూ ఇలా తోస్తూండాల. లేకపోతే మర్సిపోద్ది. భయపడకండి, బాగా తోయండి.”

మహీధర్ మొహమాటంగా తోశాడు. గుంట అతని మోకాలికీ ఆనుకుంది. నూకరాజు చూసి, “అంతే సార్,” అన్నాడు. “ఎవరు తోసినా నిలబడతాది.”

మధ్యాహ్నం విమానాశ్రయానికి తీసుకెళ్ళే వాను ప్రయాణపు పెట్టెతో వచ్చింది. గుంట పెట్టె వాసన చూసి, లోపలి కొత్త ఎండుగడ్డి నచ్చి, తనంతట తనే ఎక్కి పడుకుంది. వెనక్కి చూడలేదు. చిన్నపిల్లలకు ప్రయాణమంటే సరదాయే కదా. వాను మలుపు తిరిగేదాకా నిలబడి, నూకరాజు వెళ్ళి పిట్టకు గింజలు వేశాడు. తర్వాత మొదటి గదిలో పూడిల్ అరుస్తుంటే దానికి నీళ్ళు పెట్టాడు.

పొద్దు ఉండగానే ఇల్లు చేరాడు. భ్రమరాంబ ఆయన మొహం చూసింది. కంచం పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక ఆయనే అన్నాడు.

“తోసీసానే దాన్ని. నాను సేతులారా పాడుసెయ్యాలనే తోసేను. కదల్లేదు.”

ఆవిడ ఇంకో చేప ముక్క వేసి, “నువ్వు నేర్పిందే కదేటి అది,” అంది. “తిను.”

ఆయన తింటూ ఏడ్చాడు. ఆవిడ చూడనట్టు కూరగిన్నె సర్దింది. ఆయన స్నానానికి వెళ్ళాక పనిబట్టలు మెషీన్‌లో వేసి, అయ్యాక జాడించి, వంటింటి కిటికీ బయట వెదురు గడకు ఆరేసింది. నీలం ప్యాంటు గాలికి మెల్లగా ఊగుతోంది. ఎంత ఉతికినా, కుడి మోకాలి దగ్గర నేతలో దిగిన పొట్టి తెల్లవెంట్రుకలు అలాగే ఉన్నాయి.