వరండాలో బోర్డు

"సంచులు తీసేయండమ్మా! ఇంక వరసలో సంచులెట్టి కాపలా కాయక్కర్లేదు. మీ నంబరు ఆ బోర్డులో పడుతుంది, హాయిగా కూకోండి."

మంగళవారం పొద్దున్న నర్సీపట్నంలో కంటాసుపత్రి వరండాలో నిలబడి ఈ మాట అన్నవాడు వీరేంద్ర. ఊరేగింపులో పెళ్ళికొడుకులా మొహం వెలిగించుకుని మరీ అన్నాడు. ఎందుకు వెలగదూ! ఎవరైనా ఉచితంగా వాడుకుని, ఎవరైనా చెయ్యేసి బాగుచెయ్యగల, ఈ బోర్డుని నడిపే వెబ్ సర్వరు ప్రోగ్రాముకి వెబ్‌సాకెట్ జోడించింది ఈయనగారే. అంటే ఏటీ లేదు, బోర్డు మాటిమాటికీ "నంబరు మారిందా" అని సర్వరుని అడగక్కర్లేదు. ఇద్దరి మధ్యా లైను తెరిచే ఉంటుంది, మారగానే సర్వరే చెబుతుంది.

మరి ఆ లైను చెప్పాపెట్టకుండా తెగిపోతే? ఆ సర్వరు బాగోగులు చూసే పెద్దాయన సరిగ్గా అదే అడిగాడు. "నెట్ పోతే కనిపెట్టి మళ్ళీ కలుపుతుందా? టెస్ట్ చేశావా?" అని. చెయ్యలేదు. కొత్త వెర్షన్‌లో తన పేరు పడాలన్న ఆత్రం. "చేశానండీ" అని రాసిపారేశాడు మహానుభావుడు. ఆయన నమ్మి ఆ కోడ్‌ని కలిపేసుకున్నాడు.

అందరూ సంచులు తీశారు. చింతపల్లి అవతల కొండమీద నుంచి మనవరాలు చిట్టితల్లిని తీసుకొచ్చిన బుల్లమ్మా తీసింది. పిల్లకి కుడికంట్లో పుండు. ఆలస్యమైతే చూపు పోతుందని ఊళ్ళో నర్సమ్మ హడలగొట్టి పంపింది. డాక్టరుగారేమో విశాఖ నుంచి వారానికోసారే వస్తారు.

వీరేంద్ర స్నేహితుల దగ్గర గొప్పలు కొట్టుకుని మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి డాక్టరుగారి కారు గేటు దాటిపోతోంది. బోర్డుని వదిలేసి లోపలి గుమ్మం దగ్గర మూగినవాళ్ళందరికీ పని అయిపోయింది. వరండాలో బుల్లమ్మ ఒక్కతే పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని బోర్డుకేసే చూస్తోంది. బోర్డు మీద పన్నెండు. ఆవిడ చీటీ మీద పదిహేడు.

చీటీలిచ్చే శ్రీదుర్గ బయటికొచ్చి కేకలేసింది. "ఏటమ్మా, పదిహేడు పదిహేడని లోపల ఎంత అరిసేనో! నిద్దరోయేవేటి?"

"నాదే తప్పమ్మా" అంది బుల్లమ్మ లేచి నిలబడి. "ఈ బాబు సూడమన్నాడని సూత్తనే ఉన్నాను. నాకు అంకెలు సరిగా రావు గావాల."

అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా! తల కొట్టేసినట్టయింది వీరేంద్రకి. అయినా ఏం చేశాడు? సెల్‌ఫోన్‌లోకి మొహం దూర్చాడు. ఛీ! బుల్లమ్మ పిల్లని ఎత్తుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి నెట్ వైరు పీకి చూశాడు. లైను చచ్చినా, అది బతికే ఉందనుకుంటోంది సర్వరు. "నేను టెస్ట్ చెయ్యలేదు. అబద్ధం చెప్పాను. నా కోడ్ తీసేయండి" అని ఆ సర్వరు వాళ్ళ పేజీలో అందరికీ కనబడేలా రాశాడు. లోకానికి చెప్పుకోవడం అంత కష్టమేం కాలేదు. వాళ్ళెవరూ ఎదురుగా లేరు మరి.

మళ్ళీ మంగళవారం ఆసుపత్రికి వెళ్తే గుమ్మంలోనే బుల్లమ్మ ఎదురైంది. చేతిలో సంచీ, చంకలో చిట్టితల్లి. "ఇది వరసలో ఎట్టమంటావా బాబూ, బోర్డే సూడమంటావా?"

సిగ్గుతో చచ్చిపోయాడు. "పెట్టమ్మా. మొన్న నువ్వు సరిగ్గానే చూశావు. బోర్డే ఆగిపోయింది. తెలిసీ నోరు మూసుకున్నాను. తప్పు నాది."

బుల్లమ్మ వంగి సంచీ వరసలో పెట్టింది. ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో చూద్దామని చిట్టితల్లి ఎడంకన్ను ఇటు వచ్చేలా మొహమంతా తిప్పింది.