కుసుమా అన్న చోటు

కుసుమకుమారి ఎండు నెత్తళ్ల తలలు గిల్లుతోంది. చేట నిండా చేపలు, పక్కన తలల కుప్ప. గిల్లేది కోడలు, సాలూరు సంతలో కూర్చుని అమ్మేది అత్త కూర్మమ్మ. గోళ్ల సందుల్లోకి ఉప్పు దిగి వేళ్లు మండినా అది పనిలో లెక్క కాదు. "మా కోడలికేటి, ఇంటికాడ ఖాళీగానే ఉంటాది" అంటుంది అత్త, ఎవరడిగినా.

ఆ మంట తెలియకుండా ఉండేందుకు ఆమెకు ఒక్కటే ఆధారం, టేపురికార్డరులో అమ్మ గొంతు. అమ్మ పేరు తాతమ్మ. కళింగపట్నం దగ్గర చేపలోళ్ల ఊళ్లో పెళ్లిపాటలు పాడేది. పిల్లని అప్పగించేటప్పుడు పాడే పాటలో పెళ్లికూతురి పేరు కలిపి పాడటం ఆ ఊరి ఆనవాయితీ. పట్నం నుంచి కేసెట్ల కంపెనీ వాళ్లొచ్చి, పేరు లేకుండా పాడమన్నారట. తాతమ్మ సరేనంది. తీరా ఆ చోటు వచ్చేసరికి నోరాగలేదు. పేరు లేకపోతే ఎవర్ని అప్పగిస్తున్నట్టు? ఎదురుగా గోనె మీద కూర్చున్న తన కూతురి పేరే వచ్చేసింది. "ఉప్పుగాలి ఇడిసి ఎల్తన్నావా, కుసుమా..." కంపెనీ వాళ్లు విసుక్కుని అలాగే ఉంచేశారు. తాతమ్మకు ఒక చీర, ఒక కేసెట్టు ఇచ్చి వెళ్లిపోయారు. ఆ కేసెట్టే కుసుమతో అత్తింటికి వచ్చింది. అలాంటిది ఇప్పుడు బజార్లో ఎక్కడా దొరకదు. అమ్మ పోయాక లోకంలో ఆమెను అలా పిలిచేది అదొక్కటే. ఇక్కడ అందరికీ ఆమె 'ఒసే'.

టేపు సాగడం మొదలెట్టింది. ఒక్కోచోట అమ్మ గొంతు మగగొంతులా మూలిగేది. మొగుడు ధనరాజుకి లారీల స్టాండు దగ్గర షాపు ఉంది, డ్రైవర్ల పెన్‌డ్రైవుల్లోకి పాటలెక్కించే షాపు. అన్నం వడ్డిస్తూ అడిగింది. "మావా, ఈ కేసెట్టు తెగిపోకముందే నా ఫోన్లోకి ఎక్కించవా?"

అతను కేసెట్టు డబ్బా తిప్పి, వెనకాల ఉన్న సన్నటి అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇక్కడేటి రాసుందో సూసినావా? కాపీ సేస్తే నేరం. జైలు. కేసెట్టు నీదే, పాట కంపెనీది. మీ అమ్మ తన గొంతు సీరకి అమ్మీసుకున్నాది."

"సచ్చినోళ్ల గొంతు ఇంట్లో ఏటికి?" అంది అత్త, ముల్లు తీసుకుంటూ. "అది యింటే దీనికి సెయ్యాడదు."

"నా కాడ ఉంచుతానులే. ఇక్కడుంటే ఎవుడి సేతో అయినా ఎక్కించీసుకుంటావు" అని ధనరాజు దాన్ని జేబులో వేసుకున్నాడు. ఆమె నమ్మింది. అచ్చులో ఉన్నదాన్ని కాదనడానికి తనెవరు? తన అమ్మ గొంతు తను దాచుకుంటే దొంగతనమవుతుందన్న సంగతి ఇన్నాళ్లూ తెలియనందుకు సిగ్గు కూడా పడింది. ఆ సిగ్గుతోనే చేటలు చేటలు గిల్లింది.

ఒక మధ్యాహ్నం అన్నం కేరేజీ పట్టుకుని షాపుకి వెళ్లింది. లోపల ఒక డ్రైవరు సీడీల కట్ట బల్ల మీద పెట్టి అడుగుతున్నాడు. "ఇవన్నీ నాను కొన్నవే. పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటే పోలీసోళ్లు పట్టుకుంటారేటి?"

ధనరాజు నవ్వాడు. "నీవి నువ్వు సొంతానికి యినుకోడానికి కాపీ సేసుకుంటే ఎవుడేటంటాడు? అమ్మితే గదా తప్పు. ఆ కాగితమ్ముక్కలు బెదిరించడానికి రాస్తారు."

ఆమె గుమ్మంలోనే ఆగింది. కేరేజీ పిడి వేళ్లలోకి దిగింది. అతనామెను చూశాడు, తడబడలేదు. "పెట్టీసి ఎల్లు. ఎండలో నిలబడతావేటి" అన్నాడు.

ఆ వారంలోనే పక్క వీధిలో పెళ్లి. వంటల దగ్గర సాయానికి వెళ్లి ఉల్లిపాయలు తరుగుతుంటే పందిరి మైకులోంచి అమ్మ పాడింది. కత్తి ఆగిపోయింది. అదే పాట. "ఉప్పుగాలి ఇడిసి ఎల్తన్నావా..." పేరు రావలసిన చోట ఏమీ రాలేదు. చిన్న ఖాళీ. ఆ వెంటనే పాట తర్వాతి చరణంలోకి పోయింది.

మైకుసెట్టు వెంకీ తెలిసినవాడే. అడిగితే సంబరంగా చెప్పాడు. "మన ధనరాజు బావ కాడ కొన్నదే, అక్కా. సుట్టుపక్కల సెట్లోళ్లందరం ఇదే ఏస్తన్నాం. పేరు కోసీసి ఇచ్చినాడు, ఏ పెళ్లికైనా పనికొస్తాదని."

సాయంత్రం అడిగింది. "కేసెట్టేది?"

"టేపు తెగిపోనాది. పారేసినాను."

"పేరున్న పాట?"

"అదెందుకు? తీసీసినాను." ధనరాజు టీ గ్లాసు దించలేదు. "నీ పేరుతో ఊరోళ్ల పిల్లల్ని అప్పగించుకుంటారేటి?" కూర్మమ్మ కిసుక్కున నవ్వింది. అతనే మళ్లీ అన్నాడు, మరో పని పురమాయించినంత తేలిగ్గా. "ఆ ఖాళీ బాగునేదని అందరూ అంటన్నారు. నీది అచ్చం మీ అమ్మ గొంతే. 'అమ్మా' అని ఆ రాగంలో ఒక్కసారి పాడి నాకు పంపు. అతికించీస్తాను."

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఫోను తీసుకుని, చేపలు ఎండేసిన పెరట్లోకి వెళ్లి రికార్డింగు నొక్కింది. పెళ్లయ్యాక పాడింది లేదు. గొంతు గరగరలాడింది, మొదటి మాట దగ్గరే జారింది. అయినా పాట మొదలు నుంచీ ఎత్తుకుంది. ఆ చోటు వచ్చినప్పుడు ఆగకుండా "కుసుమా" అంది. అమ్మ పిలిచినట్టు లేదు. అమ్మ పిలుపు ఇంకెక్కడా లేదని ఆమెకు అప్పుడే పూర్తిగా తెలిసింది. అయినా పాట చివరిదాకా పాడింది.

"అయిందేటి? పంపు" గుమ్మంలోంచి కేకేశాడు ధనరాజు.

"పంపను."

"ఏటే?"

"ఇది సొంతానికి యినుకోడానికి, మావా. అమ్మితే గదా తప్పు."

అతను పెరట్లోకి వస్తున్న అడుగులు వినిపించాయి. ఆమె ఫోను రవికలో దోపుకుంది, కదల్లేదు. మర్నాడు సంత. కూర్మమ్మ చేట దగ్గరికి లాక్కుని చూసింది. నెత్తళ్లన్నీ తలలతోనే ఉన్నాయి.