ఏ ఊరూ లేని చోట ఆగే ఓడ

డాక్టరుగారు మాటకారి. రోగి నోట్లో దూది కుక్కి, పెదవి పక్కన ఉమ్మి పీల్చే గొట్టం తగిలించి, అప్పుడు మొదలుపెడతారు కబుర్లు. "కొత్త ఇంట్లోకి మారారటగా? గాలీ వెలుతురూ బాగున్నాయా?" అని అడుగుతారు. కుర్చీలో మనిషి కళ్లు తేలేసి "ఆఁ" అంటాడు. "బాగున్నాయన్నమాట, సంతోషం" అని ఆయన తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి తెరిచిన నోళ్లతోనే మాట్లాడి మాట్లాడి, ఒక ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగాలన్న సంగతే ఆయన మరిచిపోయారు.

ఆ అలవాటు తెల్లకోటుతో పాటు ఆసుపత్రిలోనే వదిలేసి వస్తే ఏ గొడవా ఉండేది కాదు. ఇంటికీ వచ్చింది. "కర్టెన్లకి ఏ రంగు బాగుంటుందంటావ్? నీలం కదా? నీలమే" అనేవారు. భార్య నోట్లో దూది ఉండదు. అయినా ఆవిడ పెదవి కదిపేలోగా ప్రశ్నా జవాబూ రెండూ ఆయనే ముగించేసి చెప్పులు తొడుక్కునేవారు.

ఆవిణ్ణి అందరూ డాక్టరమ్మ అంటారు. పళ్లవైద్యం చదవలేదు గానీ, ముందుగదిలో కూర్చుని టైములు ఇవ్వడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం, పెద్దవాళ్లకు ధైర్యం చెప్పడం అన్నీ ఆవిడే. మొగుడి మీద ఆవిడకు కోపమేమీ లేదు. నీలం కర్టెన్లు నిజంగానే బాగున్నాయి. బాగాలేనివాటికి అలవాటు పడిపోయింది. ఈసారి మాత్రం అలవాటు పడదలుచుకోలేదు.

ఈసారి విషయం ఓడ.

పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి వారంపాటు ఆసుపత్రి మూసిందే లేదు. డాక్టరుగారి చెల్లెలు, పేరుకు చిట్టి, మనిషి మాత్రం తలుపు నిండా ఉంటుంది, ప్రయాణాల ఆఫీసు నడుపుతుంది. ఆవిడే పట్టుబట్టి చిన్న ఓడ ప్రయాణం చూసింది. పదంతస్తులూ, సినిమాహాళ్లూ, జనసంతా ఉండే ఓడ కాదు. ఓ ఇరవై గదులు, ఒక భోజనాల గది, పైన కుర్చీలు వేసుకునే డెక్కు, అంతే. అయితే అదే ఓడ రెండు దారుల్లో వెళ్తుంది. మొదటి దారిలో రోజుకో రేవు. తెల్లారగానే దిగాలి, బస్సెక్కాలి, కోటో వంతెనో చూడాలి, చీకటిపడేలోగా ఓడెక్కాలి. రెండో దారి దీవుల అంచునే నింపాదిగా సాగుతుంది. కొండల మధ్య నీళ్లు లోపలికి చొచ్చుకొచ్చిన ఒక చోట రెండు రోజులు లంగరు వేసి ఊరుకుంటుంది. అక్కడ ఊరు లేదు. రేవూ లేదు.

చిట్టి పంపిన కాగితంలో ఆ ముక్క చదివినప్పుడు డాక్టరమ్మ కాఫీ చల్లారిపోయింది. ఫోను మోగని, ఎవరి పన్నూ నొప్పిపెట్టని, ఎక్కడికీ బయల్దేరక్కర్లేని రెండు రోజులు. పక్క కుర్చీలో ఆయన. ఇంకేం అక్కర్లేదనిపించింది.

"ఏడు రేవులు!" అన్నారు డాక్టరుగారు అదే కాగితం తిరగేసి. "ఈ రెండోదేమిటి, ఓడ ఊరికే నిలబడుతుందట? చెడిపోయిందా ఏం? మొదటిదే కదా మనకి? మొదటిదే." తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయారు.

రెండు దారుల్లోనూ ఒక్కో గదే మిగిలిందనీ, సాయంత్రంలోగా చెప్పకపోతే అదీ పోతుందనీ చిట్టి ముందే హెచ్చరించింది. డాక్టరమ్మ ఉదయమంతా మాటలు కూడబలుక్కుంది. భోజనాల దగ్గర చెబుదామనుకుంది. భోజనాల దగ్గర ఆయన ఏడు రేవుల్లో మూడో రేవు దాకా వచ్చేశారు.

మధ్యాహ్నం చిట్టి చెంప పట్టుకుని ఊడిపడింది. బాదంగింజ కొరికితే పాత ఫిల్లింగ్ రాలిపోయిందట.

"వదినా, ముందు నా పన్ను. మీ ఓడ తర్వాత."

సాయం చేసే అమ్మాయి సెలవులో ఉండటంతో గొట్టం పట్టుకోవడానికి డాక్టరమ్మే లోపలికి వెళ్లింది. చిట్టి నోరు తెరిచింది. దూది వెళ్లింది. డాక్టరుగారి గొంతు లేచింది.

"చిట్టీ, ఏడు రేవులదే ఖాయం చేసెయ్. మీ వదినకూ అదే ఇష్టం."

చిట్టి కళ్లు గిర్రున వదిన వైపు తిరిగాయి. అన్న వీపు వెనకాల నిలబడి వదిన తల అడ్డంగా ఊపింది, మెల్లగా, స్పష్టంగా.

"ఆఁ! ఊఁహూఁ! ఆఁ!" అంది చిట్టి.

"చూశావా, చిట్టి కూడా అదే మంచిదంటోంది" అన్నారాయన భార్యతో.

చిట్టి ఒంటిమీద కప్పిన గుడ్డ కిందినుంచి చెయ్యి తీసి కాదు కాదని ఊపింది.

"నొప్పిగా ఉందా? ముందే చెప్పొద్దూ? ఉండు, ఇంకొంచెం మత్తిస్తాను." ఇంకో సూది పడింది.

డాక్టరమ్మకు నవ్వు ఆగలేదు. గొట్టం చెయ్యి మార్చుకుని మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వుతూ ఉండగానే ఏదో చురుక్కుమంది. చిట్టి నోటికి దూది అడ్డం. మరి తనకేం అడ్డం? ఇన్నేళ్లలో ఒక్కసారైనా "ఆగండి, నేనింకా చెప్పలేదు" అని గట్టిగా అన్నదా?

పని పూర్తయ్యి చిట్టి లేచి కూర్చుంది. సగం మొహం మొద్దుబారి, పెదవి ఓ పక్కకు జారింది. మాట ముద్దగా వస్తోంది గానీ జోరు తగ్గలేదు.

"నువ్వు మనిషివేనా అన్నయ్యా? వద్దు మొర్రో అంటుంటే సూది పొడుస్తావా?"

"ఏం వద్దంటున్నావే?"

"ఆ ఏడు రేవులు! వదిననడిగావా అసలు?"

"అడక్కపోవడమేమిటి? పొద్దున్నే అడిగాను." భార్య వైపు తిరిగారు. "అడిగాను కదా? అడిగాను."

డాక్టరమ్మ చేతికి కొత్త గ్లౌజులు తొడుక్కుంది. "మీరు కుర్చీలో పడుకోండి."

"నేనా? నా పళ్లకేం? భేషుగ్గా ఉన్నాయి."

"పడుకోండి."

"పళ్ల సంగతి నీకేం తెలుసని చూస్తావ్?"

"పళ్ల సంగతి కాదు. పడుకోండి."

ఆ గొంతు ఆయన ఎప్పుడూ విన్నది కాదు. పడుకున్నారు. చిట్టి సంబరంగా పెడల్ తొక్కి కుర్చీని వెనక్కి వాల్చింది. డాక్టరమ్మ ఆయన రెండు బుగ్గల్లోనూ దూది చుట్టలు నేర్పుగా సర్దింది. రోజూ చూసే పనే కదా.

"ఇబ్బందిగా ఏం లేదుగా?"

"ఆఁ."

"లేదన్నమాట, సంతోషం" అంది చిట్టి.

డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. "మీకు ఏడు రేవులది కావాలి. నాకు రెండోది కావాలి."

ఆయన కనుబొమలు లేచాయి. చెయ్యీ లేచింది.

"చెయ్యి ఊపకండి. ఇక్కడేమో గంటకో మనిషి, అక్కడ రోజుకో ఊరు, తేడా ఏముంది? తెల్లారగట్లే లేచి బస్సు వెనకాల పరిగెత్తడానికి నేను రాను. నాకు ఏ ఊరూ లేని చోట ఆగే ఓడ కావాలి. పొద్దున ఏ కుర్చీలో కూర్చున్నానో మధ్యాహ్నం కూడా అదే కుర్చీలో ఉండాలి. మీరు పక్కనుండాలి. అంతే."



"ఊఁ! ఊఁ!" అన్నారు డాక్టరుగారు.

"ఒప్పేసుకున్నాడు వదినా! ఫోను చేసెయ్యనా?"

"ఉండు. జవాబు విననీ." డాక్టరమ్మ దూది తీసేసింది. "ఇప్పుడు చెప్పండి" అని గ్లౌజులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడింది.

ఆయన పైకప్పు దీపం వంక చూశారు. ఆవిడ తొందరపెట్టలేదు. చిట్టి ఏదో అనబోతే కళ్లతోనే ఆపింది.

"ఆ రెండు రోజులూ అక్కడ ఏమీ ఉండదు" అన్నారు చివరికి.

"ఉండదు."

"మరి నేనేం చెయ్యను? రేవులుంటే అదిగో కోట, ఇదిగో వంతెన అని ఏదో ఒకటి చూపించొచ్చు. వట్టి నీళ్ల ముందు ఇద్దరం కూర్చుంటే..." కోటు గుండీ తిప్పారు. "నా దగ్గర పళ్ల కబుర్లు తప్ప ఏమున్నాయి? మధ్యాహ్నానికల్లా నీకు నేను విసుగొస్తాను. అలిగి ఇంటికెళ్లిపోదామన్నా దారుండదు."

చిట్టి నవ్వబోయి మానేసింది. డాక్టరమ్మ ఇది ఊహించలేదు. ఈ మాటల ప్రవాహమంతా ఆ భయం మీద కప్పిన దుప్పటని ఎవరనుకుంటారు?

"మీరేం చెప్పక్కర్లేదు" అంది. "అడగండి. అడిగి, ఆగండి. నా దగ్గర బోలెడున్నాయి."

"బోలెడంటే?"

"పెళ్లినాటి నుంచీ పోగుపడ్డవి."

"రెండు రోజులూ నేను వింటూ కూర్చోవడమేనా?" ఆయన మొహంలో నిజమైన కంగారు.

"మధ్యలో భోజనం పెడతారులెండి."

డాక్టరుగారు పకపకా నవ్వారు. లేచి కూర్చుని, "చిట్టీ, రెండో..." అని నాలిక కరుచుకున్నారు. భార్య వైపు చూశారు. "నువ్వే చెప్పు."

"రెండోది, చిట్టీ."

చిట్టి ఓడ ఆఫీసుకు ఫోను చేసింది. మొద్దుబారిన పెదవితో ఆవిడ చెప్పేదేదీ అవతలి మనిషికి అర్థం కాలేదు. "మీరు క్షేమంగానే ఉన్నారా అమ్మా?" అని అతను పదేపదే అడుగుతుంటే విసుక్కుని ఫోను వదిన చేతిలో పెట్టింది. డాక్టరమ్మ పేర్లు చెప్పింది, తేదీ చెప్పింది. గది ఖాయమైపోయింది.

"భోజనాలకు మీ ఇద్దరికీ విడిగా బల్ల వెయ్యమంటారా, అందరితో కలిపా?" అన్నాడతను.

ఆవిడ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి ఆ మాటే ఆయనకు చెప్పింది.

డాక్టరుగారి నోరు తెరుచుకుంది. మూసుకుంది. "నీకేది ఇష్టం?" అన్నారు.

ఆగారు.

పెదవులు బిగించి, రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా చెమటలు కక్కుతూ ఆగారు. ముందుగదిలో తర్వాతి రోగి వచ్చిన గంట మోగింది. కదల్లేదు.

నిజానికి డాక్టరమ్మ దీని గురించి ఆలోచించనే లేదు. విడిగా అయితే ప్రశాంతంగా ఉంటుంది. అందరితో అయితే కొత్తవాళ్లు నలుగురు కలుస్తారు. దేని సుఖం దానిదే.

"ఒక్క నిమిషం ఉండండి, ఆలోచించుకుని చెబుతాను" అంది ఫోనులో. స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చుని, నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టింది.