బాస్టియన్ ఓక్

నేను ఒక ఆకుల ప్రెస్సును. రెండు చెక్క పలకలు, వాటిని బిగించడానికి రెండు తోలు పట్టీలు, అంతకుమించి నాలో ఏమీ లేదు. అడవిలో కోసిన కొమ్మను అద్దుడు కాగితాల మధ్య పరిచి, ఆ కాగితాల దొంతరను నా పలకల నడుమ పెట్టి, పట్టీలు లాగి కడతారు. కొమ్మ తన తడినంతా కాగితాలకు వదిలేసి, పల్చగా, పెళుసుగా, ఏళ్లతరబడి దాచుకోవడానికి వీలుగా తయారవుతుంది. బతికున్న ఆకును చూస్తే మనుషులకు తృప్తి ఉండదు. దాన్ని తెంపి, నొక్కి, ఆరబెట్టి, అప్పుడు తీరిగ్గా చూస్తారు. ఆ పనికే నన్ను పుట్టించారు.

నన్ను చేసింది ఫ్రాన్సులో, రువాన్ పట్నంలో ఒక వడ్రంగి. చేయించినవాడు ఒనోరే మర్వాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. ఓడలు కట్టడానికి ఫ్రాన్సులో ఓక్ కలప తరిగిపోతున్న కాలమది. అమెరికాలో ఓక్ చెట్లు ఎన్ని రకాలున్నాయో, వేటి కలప గట్టిదో తేల్చి రమ్మని దొరతనంవారు ఆయన్ని సముద్రం దాటించారు. ఆయనకు భార్యాబిడ్డలు లేరు. తమ్ముడు బాస్టియన్‌ని వెంట తీసుకెళ్లాడు, చెట్లెక్కడానికి. తమ్ముడి భార్య క్లెమాన్స్ కూడా వచ్చింది. ఆకుల బొమ్మలు గీయడంలో ఆమెది మంచి చెయ్యి.

కరోలినా తీరంలో దిగాం. దిగిన చోటే మనుషుల్ని మనుషులు కొనుక్కునే సంత ఉంది. దాని మధ్యలోంచే మా ఒనోరే తలెత్తి, వీధి చివరి చెట్టు ఆకులు చూసుకుంటూ నడిచిపోయాడు. ఆయన చంకలో నేనున్నాను. నేను చూశాను. ఆయన చూడలేదు. చూడలేదో, చూడదలచుకోలేదో!

ఓక్ చెట్లతో వేగడం అంత తేలిక కాదు. ఒకే చెట్టుకు పై కొమ్మల్లో ఒక తీరు ఆకు, కింది కొమ్మల్లో ఇంకో తీరు ఆకు. రెండు వేరువేరు జాతుల లేత మొక్కలు కవల పిల్లల్లా ఉంటాయి. నమ్మదగ్గది కాయ ఒక్కటే. ఆ కాయ కొన్ని చెట్లలో ముదరడానికి రెండు వేసవులు పడుతుంది. అందుకని ఒనోరే ఒక నియమం పెట్టుకున్నాడు. కాయ చేతికి రానిదే ఏ ఓక్‌కీ కొత్త పేరు పెట్టకూడదు. ఆ నియమాన్ని ఆయన ఒక్కసారే తప్పాడు.

ఆ ఏడు వానాకాలంలో చిత్తడి నేల పక్కన గుడారం వేసుకున్నాం. నీళ్లకవతల చిన్న దిబ్బ మీద సన్నటి ఓక్ మొక్కలు నాలుగైదు కనిపించాయి. ఆకు కోలగా ఉంది, అంచులు రంపంలా చీలి ఉన్నాయి. బాస్టియన్ కళ్లు మెరిశాయి.

"అన్నయ్యా, ఇది మన దగ్గర లేదు."

"నీళ్లు తగ్గనీరా. వచ్చే వారం వెళ్దాం."

"నువ్వు పడుకో. నేను ఇట్టే వెళ్లి వస్తా."

మెడలోతు నీళ్లలో వెళ్లాడు. కొమ్మను నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చాడు. ఒళ్లంతా బురద. గుడారం ముందు నిలబడి, "నా చెట్టు తెచ్చాను చూడు" అని భార్యతో చెప్పి నవ్వాడు. కొమ్మను నాలో పెట్టి పట్టీలు బిగించింది క్లెమాన్సే. కొద్దిరోజులకే అతనికి చలిజ్వరం పట్టుకుంది. ఆకు నాలో ఆరుతున్నంతకాలం అతను పక్కనే వణుకుతూ పడుకున్నాడు. ఆకు ఆరింది. అతనూ పోయాడు. ఇసుక నేలలో, ఊరి చర్చి వెనక పాతిపెట్టారు.

ఒనోరే కాయ కోసం ఆగలేదు. ఆ చెట్టు బాస్టియన్ ఓక్ అన్నాడు. క్లెమాన్స్ బొమ్మ గీసింది, పట్నంలో ఒకతను దాన్ని అచ్చుకోసం రాగి రేకు మీద చెక్కాడు. ఓక్ చెట్ల మీద తాను రాస్తున్న పుస్తకంలో అదే మొదటి బొమ్మ కావాలని ఒనోరే పట్టుబట్టాడు.

తర్వాత సంవత్సరాలన్నీ నాకు ఒకే పొడుగాటి రోజులా కలిసిపోయాయి. కొండలెక్కడం, కంచరగాడిద వీపు మీద ఊగిసలాడటం, వానకు తడవడం, పొగకు ఎండడం. నా పలకలు వంగాయి. పట్టీలు సాగాయి. తెల్ల ఓక్, నల్ల ఓక్, ఎర్ర ఓక్, ఏది ఏదో నాకే గుర్తులేనంతగా ఆకులు నాలోంచి పోయాయి. ఆయన జుట్టు తెల్లబడింది. ఏటా శరదృతువులో మాత్రం ఆ దిబ్బ దగ్గరకు వెళ్లి, ఆ లేత చెట్ల కొమ్మలు వంచి వెతికేవాడు. ఒక్క కాయా ఉండేది కాదు. "ఇంకా చిన్నవి" అని తనకు తానే చెప్పుకుని తిరిగొచ్చేవాడు.

ఒక వేసవిలో పెద్ద గాలివాన వచ్చింది. పిండిమిల్లు పక్కన మహావృక్షం ఒకటి నడిమికి విరిగింది. అది నీటి ఓక్. ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన మామూలు చెట్టు, ఆకు కొస గరిటెలా వెడల్పుగా ఉంటుంది. మరుసటేడు ఒనోరే ఒక్కడే అటుగా పోతూ ఆగాడు. విరిగిన మాను నుంచి కొత్త కొమ్మలు వచ్చాయి. వాటి ఆకులు కోలగా, అంచులు రంపంలా ఉన్నాయి, అచ్చం దిబ్బ మీది ఆకుల్లాగే. అదే కొమ్మ మీద కొంచెం పైకి చూస్తే గరిటె ఆకులు.

ఆయన అక్కడే నేలమీద కూలబడ్డాడు. చాలాసేపటికి లేచి ఆ కొమ్మ కోశాడు. నాలో పెట్టి పట్టీలు ఎంత గట్టిగా లాగాడంటే నా అంచు పగిలింది.

ఇంటికొచ్చాక క్లెమాన్స్ అడిగింది. "ఏం తెచ్చారు?"

"ఏముంది, మామూలువే."

అద్దుడు కాగితాలు రోజూ మార్చాలి. లేకపోతే ఆకుకు బూజు పడుతుంది. ఈ సంగతి ఆయనకన్నా ఎక్కువ తెలిసినవాడెవడు? అయినా మార్చలేదు. రాగి రేకులన్నీ ఫ్రాన్సుకు వెళ్లే ఓడ ఎక్కాల్సిన సమయం దగ్గరపడుతోంది. పట్టీ మీద చెయ్యి వేసేవాడు, తీసేసేవాడు. నా లోపల ఆకులు చెమటపట్టి, చివికి, వాసన కొట్టడం మొదలుపెట్టాయి. మోసిన బరువులన్నిటిలో నాకు ఎక్కువ అలసట తెచ్చింది ఆ ఒక్క కొమ్మే.

చివరికి ఆ వాసనకే క్లెమాన్స్ నన్ను విప్పింది. పొద్దున పూట, కిటికీ దగ్గర. కాగితం ఎత్తి చూసి అలాగే నిలబడిపోయింది.

"బావగారూ, ఇది ఎక్కడిది?"

ఒనోరే తల ఎత్తలేదు. "మిల్లు దగ్గరిది. గాలివానకు విరిగిందే, ఆ నీటి ఓక్‌ది."

"రెండు ఆకులూ ఒకే కొమ్మవి."

"అవునమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు మిగిలింది ఆ పేరొక్కటే కదా అని."

ఆమెకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. "నాకు మిగిలింది పేరా? ఒళ్లంతా బురదతో నిలబడి నవ్వాడే, ఆ మనిషి మిగిలాడు నాకు. పేరు కావాల్సింది మీకు."

"అయితే వాడు దేనికోసం పోయినట్టు?"

ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "ఒక మామూలు చెట్టు కోసం పోయాడు. చెప్పుకోవడానికి బాగుండదు. అయినా అంతే."

"రేకును మార్చకుండా అలాగే పంపేద్దాం క్లెమాన్స్. పారిస్‌లో ఎవరికి తెలుస్తుంది?"

"ఇవాళ తెలియదు. ఎప్పుడో ఎవరో ఆ మిల్లు పక్కగా పోతారు. ఒనోరే మర్వాల్ పొరబడ్డాడని అనరు బావగారూ. బాస్టియన్ ఓక్ అనేదే లేదంటారు. ఆయన్ని ఇంకోసారి లేకుండా చెయ్యకండి."

ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కాసేపటికి లేచి, ఆ రాగి రేకు తెచ్చి ఆమె ముందు పెట్టి, బయటికి వెళ్లిపోయాడు. గీకుడు కత్తితో, తర్వాత నున్నటి ఉక్కు ముక్కతో ఆమె ఆ రేకును తానే రుద్దింది. ఆకు పోయింది, కొమ్మ పోయింది, అన్నిటికన్నా చివర అడుగునున్న అక్షరాలు. ఆ ఒక్కచోట ఆమె చెయ్యి ఆగింది. ఏడ్చింది. మళ్లీ రుద్దింది.

ఆ రేకు మీదే కొత్త బొమ్మ చెక్కించారు. ఒకే కొమ్మ, దాని మీద రెండు తీర్ల ఆకులు. కింద నీటి ఓక్ అని మాత్రమే ఉంది. లేత ఆకును చూసి మోసపోవద్దని ఒనోరే నాలుగు మాటలు చేర్చాడు. పుస్తకం వచ్చాక పండితులు ఆ పుటనే మెచ్చుకున్నారు. ఇన్నాళ్లూ లేత ఆకును ఎవరూ పట్టించుకోలేదే అన్నారు. ఆ మెప్పు చదువుతున్నప్పుడల్లా ఆయన ముఖం మాడిపోయేది.

ఓడ వెళ్లిపోయిన ఏడాది శరదృతువులో ఆయన అలవాటుగా దిబ్బకు బయలుదేరితే, క్లెమాన్స్ కూడా వచ్చింది. లేత చెట్లు ఇప్పుడు ఇంటికన్నా ఎత్తు. ఒకదానికి కాయలు పడ్డాయి, మొదటి కాపు. ఒనోరే ఒకటి కోసి అరచేతిలో తిప్పి చూశాడు.

"నీటి ఓక్ కాయే" అన్నాడు.

"నీటి ఓక్ కాయే" అంది ఆమె. కాయ తీసుకుని, కొంగు లాంటి శాలువా అంచున ముడేసుకుంది. ఆ రోజు నన్ను విప్పలేదు. ఇద్దరూ ఎండ వాలేదాకా అక్కడే కూర్చున్నారు. బాస్టియన్ చిన్నప్పుడు ఎక్కి పడిపోయిన ఆపిల్ చెట్టు గురించి ఒనోరే చెబుతుంటే ఆమె చాలా ఏళ్ల తర్వాత గట్టిగా నవ్వింది.

ఒనోరే ఆ దేశంలోనే కన్నుమూశాడు. క్లెమాన్స్ నన్ను రువాన్‌కు తీసుకొచ్చింది. ఆమె తర్వాత ఒక బడిపంతులు నాలో పూలు నొక్కాడు. అతని వంటమనిషి భోజనాల బల్ల గుడ్డలు మడతలు పోవడానికి నాలో పెట్టేది, ఆ పని నాకు బాగానే ఉండేది. ఆపైన అటకలు, సంతలు, చేతులు మారడాలు. ఇప్పుడు ఒక మ్యూజియం అద్దాల బీరువాలో ఉన్నాను. జనం పక్కనున్న గడియారం దగ్గర ఆగుతారు, నా దగ్గర ఆగరు. మంచిదే. నాలో ఎవరి ఆకూ లేదు, ఎవరి పేరూ లేదు. తుడిచే మనిషి వారానికోసారి వచ్చి అద్దం మాత్రం తుడిచి వెళ్లిపోతుంది. నన్ను కదిలించదు. ఆమె చల్లగా ఉండాలి.