దువ్వెన ఆగిన చోటు

తడి జుట్టులో దువ్వెన నడుస్తుంటే నీళ్ళు చుక్కలు చుక్కలుగా అమ్మ మెడ మీదికి జారేవి.

ఎడమ చెవి వెనక దువ్వెన ఆగేది. అక్కడ ఎముక మీద వేలెడంత గట్టు.

"అక్కడ మెల్లగా, తల్లీ," అనేది అమ్మ.

కూతురికి అప్పుడు పదేళ్ళు. మెల్లగానే దువ్వేది. ఎందుకని అడిగేది కాదు.

అమ్మ పడిపోతూ ఉంటుంది... ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. బాత్రూంలో పడింది. మెట్ల మీద పడింది. చీకట్లో తలుపుకి గుద్దుకుంది. నాన్న ఆమెకు ముద్దుపేరు కూడా పెట్టాడు, జారుడుబల్ల అని. ఆ పేరు వింటే చాలు, పిల్ల పొట్ట పట్టుకుని నవ్వేది. అమ్మ కూడా నవ్వేది, గుడ్డలో చుట్టిన ఐసుముక్కలు తలకి అదిమి పట్టుకుని.

ఆ ఐసు తెచ్చి ఇచ్చేది నాన్నే.

ఇప్పుడు ఆ పిల్లకు సొంత సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, గోడంత అద్దం, జుట్టు కడిగే సింకు. ఇరవై ఏళ్ళుగా తలలు చూస్తోంది. వేళ్ళు పెడితే చాలు, ఎవరికి నిద్ర పట్టడం లేదో, ఎవరు చిన్నప్పుడు గోడ మీంచి పడ్డారో చెప్పేస్తుంది. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెడతారు.

ఇన్ని తలలు చదివిన వేళ్ళు.

పోయినేడు అమ్మ పోయింది. చివర్లో మాటలు మరిచిపోయింది, దారి మరిచిపోయింది. ఇంకా సంతకం గుర్తున్న రోజుల్లోనే, చనిపోయాక తన మెదడును పరిశోధనకు తీసుకోమని ఆసుపత్రిలో రాసిచ్చింది. తలకు తగిలిన దెబ్బలు మెదడును ఏం చేస్తాయో పరీక్షించే చోటు అది. నాన్న మాత్రం మతిమరుపు గురించేమో అనుకున్నాడు. సాక్షి సంతకం తనే పెట్టాడు, చదవకుండా. "మా ఆవిడది గొప్ప మనసు," అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఈ రోజు పొద్దున ఆ ఆసుపత్రి నుంచి సెలూన్‌కి కవరు వచ్చింది, మెదడు పరీక్ష రిపోర్టుతో. కూతురి చేతికే ఇవ్వాలని అమ్మ రాసిందట.

ఆమె రిపోర్టు కింద పేరున్న డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"ఒక్కసారి తగిలిన దెబ్బ కాదమ్మా," అంది డాక్టరమ్మ, ఆచి తూచి. "ఏళ్ళ తరబడి... మళ్ళీ మళ్ళీ తగిలాయి. ఎలా తగిలాయో మేం చెప్పలేం. అది ఇంట్లోవాళ్ళకే తెలియాలి."

అమ్మ నింపిన కాగితం నకలు కూడా కవరులో ఉంది.

తలకు దెబ్బలు తగిలాయా? అవును.

ఎప్పుడు? ఆ గడిలో అమ్మ గుండ్రటి అక్షరాలు... "మా ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లో."

దాని కిందే సాక్షి సంతకం. నాన్నది. తోక సాగదీసి, కింద రెండు చుక్కలు పెట్టి.

నాన్న ఉద్యోగం పని మీద క్యాంపులకు వెళ్ళిన వారాల్లో ఆ బాత్రూం ఒక్కసారైనా జారిందా? ఆమె చాలాసేపు గుర్తు చేసుకుంది. లేదు.

కోపం ముందు నాన్న మీద రాలేదు. అమ్మ మీద వచ్చింది. ముక్కూ మొహం తెలియని డాక్టర్లకు చెప్పింది. కడుపున పుట్టినదానికి చెప్పలేదు. వారం వారం ఈ చేతుల్లోనే తల పెట్టి కూర్చుంది... చెప్పలేదు.

నన్ను నమ్మలేదా అమ్మా?

ఆ కోపమూ నిలవలేదు. జారుడుబల్ల అని నవ్వే పిల్లకి ఏ తల్లి మాత్రం ఏం చెప్పుకుంటుంది?

మధ్యాహ్నం నాన్న వచ్చాడు. నెలకోసారి కూతురి చేతే జుట్టు కత్తిరించుకుంటాడు. ఈ మనిషి ఆమెను ఒక్కనాడూ కసురుకోలేదు. భుజాల మీద బడికి మోసుకెళ్ళాడు. ఈ అద్దాన్ని కూడా తనే దగ్గరుండి గోడకి బిగించాడు. అదే అద్దంలో ఇప్పుడు నవ్వుతున్నాడు.

"ఏంటి బంగారం, మొహం అలా ఉంది?"

ఆమె సింకు మీదికి అతని తల వాల్చి నీళ్ళు వదిలింది. వేళ్ళు వాటంతటవే వెతికాయి. నుదుటి పైన, మాడు మీద, చెవుల వెనక...

నున్నగా ఉంది. డెబ్బై అయిదేళ్ళ తల. ఒక్క గట్టు లేదు.

కుర్చీలోకి వచ్చి కూర్చున్నాక కత్తెర పక్కన, ఆసుపత్రి పేరున్న కవరు మీద అతని చూపు పడింది.

"అమ్మ రిపోర్టా? ఏం రాశారేంటి?"

ఆమె దువ్వెన తీసుకుంది. తడి జుట్టులో అది ఎక్కడా ఆగకుండా నడిచింది. నీళ్ళు చుక్కలు చుక్కలుగా అతని మెడ మీదికి జారుతున్నాయి. ఎడమ చెవి వెనకకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. దువ్వెన పళ్ళు అక్కడే గట్టిగా దిగబడ్డాయి.

"మెల్లగా, తల్లీ," అన్నాడు నాన్న.