అడగని దారి

కంచె దాటే చెక్క మెట్టు మీద కూర్చుని సిరిల్ యో అనే ముసలాయన ఎడమ బూటుకంటిన మట్టిని పుల్లతో గీకుతున్నాడు. మార్చి నెలలో ఇంగ్లండులోని ఈ డెవన్ ఎర్రమట్టి పట్టుకుంటే వదలదు, నాలుగడుగులు వేస్తే మళ్లీ అంతే. అయినా ప్రతి శనివారం ఇక్కడ గీకడం అతనికి అలవాటు. పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు. ముప్ఫై ఎనిమిదేళ్లు రోడ్ల పక్క కాలువల్లో పూడిక తీసిన నడుము ఇప్పుడు నిటారుగా నిలబడమంటే మొరాయిస్తోంది. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. చలిగాలి తగిలిందనుకున్నాడు.

సిరిల్ ఉండే కింది వీధి వాళ్లు పబ్బుకి వెళ్లాలన్నా, బస్సెక్కాలన్నా లారీల రోడ్డే దిక్కు. దాని పక్కన కాలు మోపే చోటు లేదు. ఇరవై ఏళ్ల కిందట అక్కడే సిరిల్ భార్య ఐవీని లారీ కొట్టింది. ఆమెను పూడ్చిన వారానికి అతను మొదటిసారి ఈ మెట్టెక్కి, రైతు డెంజిల్ లస్కమ్ పచ్చికపొలానికి అడ్డంపడి పబ్బుకి నడిచాడు.

ఆ దారి ఏ కాగితంలోనూ లేదు. అయితే దాక్కోకుండా, దెబ్బలాడకుండా, ఎవర్నీ అడక్కుండా ఇరవై ఏళ్లు నడిస్తే దారి ఊరిదవుతుంది. అడిగి నడిస్తే మర్యాద, అడక్కుండా నడిస్తే హక్కు. చట్టం తమాషా అది. "నడుచుకో, నాకేం అభ్యంతరం లేదు" అని రైతు ఒక్క మాట అన్నాడంటే అన్నేళ్ల నడకా గంగలో కలిసినట్టే. మొదట్లో నలుగురైదుగురు నడిచారు. విడవకుండా నడిచింది సిరిల్ ఒక్కడే. ఇవాళ్టితో ఇరవై నిండుతాయి. దారి ఊరిదని రాసిన అర్జీ కాగితం పబ్బులో సిద్ధంగా ఉంది, సంతకమే తరువాయి.

చిక్కంతా డెంజిల్ మంచితనంతోనే. బళ్లో ఒకే బెంచీ వాళ్లిద్దరిదీ. ఎదురుపడితే ఏదో ఒక మంచిమాట అనకుండా ఉండలేని మనిషి. అందుకే అతను కనబడగానే సిరిల్ వాన గురించి గుక్కతిప్పుకోకుండా మాట్లాడేసి, అతను నోరు తెరిచేలోగా సాగిపోయేవాడు. ఐవీ పోయాక సిరిల్‌కి కాస్త తిక్క పట్టిందని ఊరు సరిపెట్టుకుంది.

ఆవులు తొక్కి తొక్కి బురదగుంట చేసిన గేటు దాటి పది అడుగులు వేశాడో లేదో, వెనక ట్రాక్టరు చప్పుడైంది. డెంజిల్ దాని మీద నిలబడి చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు.

"ఇరవై ఏళ్లు ఆగి ఇవాళే మంచివాడివి కావాలిరా నీకు!" అని గొణిగి సిరిల్ పరుగందుకున్నాడు. ఎడమ బూటు బురదలో దిగబడిపోయింది. కాలు మటుకు లాక్కుని, ఆ కాలికి ఒట్టి మేజోడుతోనే పరుగెత్తాడు.

పబ్బు వాకిట్లో మిగిలిన బూటు విప్పి లోపలికి వచ్చేసరికి రొప్పుతున్నాడు. పబ్బు నడిపే థెల్మా అతని కాళ్లకేసి చూసింది.

"రెండోది దార్లో ఎవరికైనా దానం చేశావా, పెద్దాయనా?"

"ముందు కాగితం తే తల్లీ, తరవాత తిండి."

తలుపు తెరుచుకుంది. చేత్తో బూటు పట్టుకుని డెంజిల్ నిలబడ్డాడు. సిరిల్ రెండు చెవులూ మూసుకున్నాడు. "చెప్పకురా! ఒక్క ముక్క చెప్పకు!"

"గేటు వెయ్యరా, దూడలు పోతాయని అరిస్తే పరుగెడతావేంట్రా!" డెంజిల్ బూటు వాకిట్లో పెట్టి వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. తనే సిరిల్ చేతుల్ని చెవుల మీంచి నెమ్మదిగా తీశాడు. "నాకు తెలుసురా. ఎప్పట్నించో తెలుసు. నిన్ను చూసినప్పుడల్లా నోటిదాకా వచ్చిన మాట మింగి చచ్చాను. పొలం మా ఆవిడది. దారి నేనిస్తే నన్ను గొడ్లపాకలో పడుకోబెడుతుంది. నువ్వు తీసుకుంటే నేనేం చెయ్యగలను?"

సిరిల్ నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లూ ఒంటరిగా నడిచాననుకున్నాడు మరి. కాగితం మీద పెద్దపెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు. మాంసం కూరి కాల్చిన 'పై' మొత్తం తిని, పళ్లెంలో మిగిలిన పులుసు రొట్టెముక్కతో తుడిచి, కాళ్లు గోడపొయ్యి మంటవైపు చాపుకున్నాడు.

"ఆ గేటు దగ్గర నీళ్లు నిలుస్తున్నాయిరా. చిన్న కాలువ తీస్తే చాలు. సోమవారం పార పట్టుకొస్తా."

"రా," అని డెంజిల్ ఇద్దరికీ మరో సగం గ్లాసు ఆపిల్ సైడర్ తేవడానికి లేచాడు. తెచ్చేసరికి సిరిల్ కుర్చీలోనే ఉన్నాడు, కళ్లు మూసుకుని. డెంజిల్ రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవకుండా గ్లాసులు బల్ల మీద పెట్టి, అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

వాకిట్లో బూట్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కుడిదాని లేసు విప్పి ఉంది. ఎడమదానికి, ఎర్రమట్టి కింద, పొద్దున్న సిరిల్ వేసిన ముడి అలాగే ఉంది.